బందగీ నడిచిన తొవ్వ

(రాజ్యాంగ దినం నాడు నల్లగొండలో విద్యార్థులు, న్యాయవాదుల ముందు ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలకు, నాతోటి వకీళ్లకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ డిగ్రీ పిల్లలకు నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగున్నయి బిడ్డా, వచ్చి కూర్చోండి. అవి ఎవరి పేరు మీదా ఆపినయి కావు. రండి, రండి. ఇయ్యాల మాట్లాడుకునేదే ఆ ముందు కుర్చీల సంగతి.

రాజ్యాంగం గురించి చెప్పుమంటే చాలామంది ఢిల్లీ నుంచి మొదలుపెడ్తరు. నేను కామారెడ్డిగూడెం నుంచి మొదలుపెడ్త. సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద, దేవరుప్పుల దగ్గర ఉంటది ఆ ఊరు. ఇప్పుడది జనగామ జిల్లా, అప్పుడు జనగామ తాలూకా మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆ రోడ్డు పక్కన షేక్ బందగీ సమాధి ఉన్నది. మీలో ఎంతమంది చూసిన్రో తెల్వదు. బస్సులో పోతే కిటికీలోంచి కనపడి మాయమయితది.

బందగీ మామూలు రైతు. భూమి తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురు నిలబడ్డడు. ఆ కాలంలో దేశ్‌ముఖ్‌తోని పేచీ వస్తే మనిషి ఏం చేసేటోడు? గడికి పోయి, తలకున్న రుమాలు తీసి చంకల పెట్టుకొని, "బాంచన్ దొరా" అనేటోడు. బందగీ అట్ల పోలేదు, కోర్టుకు పోయిండు. ఏండ్ల తరబడి తిరిగిండు. గెలిచిండు కూడా! నిజాం రాజ్యంలో, దేశ్‌ముఖ్ అండ ఉన్న పక్షం మీద, ఒక సాదా రైతు కోర్టులో గెలిచిండు. 1940ల మొదట్లో దేశ్‌ముఖ్ మనుషులు తొవ్వలో కాపుగాసి ఆయన్ని చంపిన్రు.

నేను నల్ల కోటు వేసుకున్న నాటి నుంచి ఈ కథను మనసులో తిప్పుతనే ఉన్న. చట్టం ఆయనకు వ్యతిరేకంగా లేదు. న్యాయాధికారి ఆయనకు అన్యాయం చెప్పలే. తీర్పు కాగితం ఆయన దిక్కే మాట్లాడింది. కాని కోర్టు మెట్ల నుంచి ఇంటి గడప దాకా ఉన్న తొవ్వ దేశ్‌ముఖ్ చేతిలో ఉండె. చట్టం ముందు అందరూ సమానమేనా అని ఎవరన్నా అడిగితే నాకు పుస్తకం యాదికి రాదు, ఆ తొవ్వ యాదికొస్తది.

కొన్నేండ్లకు పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అదే దేశ్‌ముఖ్ మీద నిలబడ్డది. ఆమె పంటను గడికి పోనియ్యకుండ ఆంధ్ర మహాసభ సంఘపోళ్లు అడ్డం నిలబడి ఆమె ఇంటికి చేర్చిన్రు. బందగీ తొవ్వల ఒంటరిగ ఉండె, ఐలమ్మ పక్కన మనుషులు ఉండిరి. ఈ తేడాను మీరు గుర్తుపెట్టుకోవాలె.

గడి అంటే ఏమనుకుంటున్నరు? ఎత్తు గోడలు, పెద్ద దర్వాజ, లోపల హవేలి, అంతే అనుకుంటరు పిల్లలు. ఫిర్యాదు చెప్పుకునేది అక్కడ్నే, పంచాయితీ తీర్చేది అక్కడ్నే, శిక్ష వేసేది అక్కడ్నే, జుర్మానా వసూలు చేసేది కూడా అక్కడ్నే. మరి ఫిర్యాదు దొర మీదనే అయితే ఎక్కడ చెప్పుకోవాలె? వెట్టి చేయించుకోవద్దని నిజాం సర్కారే కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం అమలు చేయాల్సిన అధికారి ఊర్లకొస్తే దిగేది గడిలోనే, తినేది గడి అన్నమే. ఆయన బండికి ఎడ్లు కట్టేది కూడా వెట్టి మనిషే.

1948 సెప్టెంబర్ 17న ఆ రాజ్యం పోయింది. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. అందులో 14వ అధికరణం చూడండి. చట్టం ముందు సమానత్వాన్ని, చట్టాల సమాన రక్షణను రాజ్యం ఏ వ్యక్తికీ నిరాకరించకూడదని ఉంటది. 'ఏ పౌరునికీ' అనలేదు, 'ఏ వ్యక్తికీ' అన్నరు. ఈ దేశంలో అడుగుపెట్టిన పరదేశికి కూడా అది వర్తిస్తది. సరిగ్గా రాజ్యాంగం వచ్చిన ఆ రోజే నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్ అయిండు, అంటే గవర్నర్ లాంటి పదవి. నోట్లోంచి వచ్చిన మాటే ఫర్మానాగా, ఫర్మానాయే చట్టంగా నడిపిన మనిషి, ఒక పుస్తకానికి లోబడి కుర్చీలో కూర్చున్నడు. 1956 అక్టోబర్ 31 దాకా ఆ పదవిలో ఉన్నడు. మా నాయిన తరం వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఇక్కడ్నే ఒక అనుమానం తీర్చుకోవాలె. అదే రాజ్యాంగంలో 361వ అధికరణం ఉన్నది. రాష్ట్రపతి మీద, గవర్నర్ మీద పదవిలో ఉన్నన్ని రోజులు క్రిమినల్ కేసు నడవదు, అరెస్టు వారంటు పుట్టదు. మొదట్లో ఆ వరుసలో రాజ్‌ప్రముఖ్ మాట కూడా ఉండె, 1956లో తీసేసిన్రు. ఇది సమానత్వానికి గండి కాదా అని పోయినేడు ఒక అమ్మాయి నన్ను అడిగింది. మంచి ప్రశ్న. ఆ రక్షణ మనిషికి ఇచ్చింది కాదు, కుర్చీకి ఇచ్చింది. కుర్చీ దిగిన మరునాడు కేసు నడవొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ రక్షణ అక్కడితోనే ఆగిపోతది. ప్రధానమంత్రికి లేదు, ముఖ్యమంత్రికి లేదు. మంత్రికి, ఎమ్మెల్యేకు, కలెక్టరుకు, ఎస్పీకి లేదు. మన ఊర్లల్ల ఎంపీటీసీ మీద ఫిర్యాదు ఇయ్యాలన్నా "వాళ్ల మీద కేసు అయితదా సార్?" అని అడుగుతరు. అయితది. రాజ్యాంగం ఇద్దరికి ఇచ్చిన గొడుగును భయం మూలంగా మనం ఇన్నూరు మందికి పట్టినం.

ప్రధానమంత్రి సంగతి వచ్చింది గాబట్టి 1975 చెప్పాలె. ఇది కొంచెం వివరంగ చెప్త, ఎందుకంటే దీన్ని సగం సగం చెప్పుకుంటున్నరు.

రాయబరేలీలో ఇందిరాగాంధీ గెలుపు మీద రాజ్ నారాయణ్ ఎలక్షన్ పిటిషన్ వేసిండు. అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా విన్నడు. 1975 మార్చిలో ప్రధానమంత్రి సాక్ష్యం చెప్పడానికి స్వయంగ కోర్టుకొచ్చింది. ఆమె వచ్చినప్పుడు ఎవరూ లేచి నిలబడొద్దని, కోర్టు హాల్లో లేచేది న్యాయమూర్తి వచ్చినప్పుడేనని సిన్హా ముందే చెప్పిండట. ఆమెకు కుర్చీ వేయించిన్రు, మర్యాద తక్కువ చేయలే. కాని హాల్లో జనం లేవలేదు. ఆ హాల్లో కూర్చొని ఉన్నోళ్ల కాళ్లను నేను ఊహించుకుంట. జన్మంతా లేచే అలవాటున్న కాళ్లు. వాటిని ఆపుకొని కూర్చున్నరు.

జూన్ 12న తీర్పు వచ్చింది. ఆ ఎన్నిక చెల్లదన్నరు. ఏ తప్పుల మీద? ఇంకా ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న మనిషితోని ఎన్నికల పని చేయించుకున్నరని, మీటింగు వేదికలు కట్టడానికి సర్కారు అధికారులను వాడుకున్నరని. ఇంత చిన్నదానికా అని అప్పుడు చాలామంది అన్నరు, ఇప్పుడూ అంటరు. నా మాట వేరు. మన సర్పంచి క్యాండిడేటు ఎవరన్నా సర్కారు మనుషులతోని పందిరి వేయించుకుంటే ఎన్నిక పోవాలె గదా? మరి ప్రధానమంత్రికి వేరే కొలత ఎందుకు?

ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది, అది మీకు తెలుసు. దాని వెనుక చాటున జరిగింది తక్కువ మందికి తెలుసు. 39వ సవరణ చేసి ప్రధానమంత్రి ఎన్నికను కోర్టులు ముట్టకుండ చేసిన్రు. ఇంకో సవరణ బిల్లు ఆగస్టులో రాజ్యసభ దాటింది కూడా. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు పదవిలో ఉన్నప్పుడు చేసిన దానికే కాదు, పదవికి రాకముందు చేసిన దానికి కూడా బతికినన్నాళ్లు క్రిమినల్ కేసు ఉండొద్దన్నది అందులోని మాట. ఆ బిల్లు లోక్‌సభ ముందుకు పోలేదు గాబట్టి బతికినం. పోయుంటే ఈ దేశానికి పెద్ద గడి కట్టేవాళ్లు.

నవంబర్ 7న సుప్రీంకోర్టు 39వ సవరణలోని ఆ ముక్కను కొట్టేసింది. ఎమర్జెన్సీ నడుస్తుండగానే కొట్టేసింది, అది గొప్ప. అయితే అదే రోజు ఆమె ఎన్నిక చెల్లుతదని కూడా చెప్పింది. ఎందుకంటే ఈలోపు ఎన్నికల చట్టాన్నే వెనక తేదీల నుంచి వర్తించేటట్టు మార్చేసిన్రు. నేను ఈ రెండో సగం దాచిపెట్టి మీకు విజయగాథ చెప్పలేను. సూత్రం గెలిచింది, ఆ కేసులో అధికారం గెలిచింది. రెండూ ఒకే రోజు, ఒకే తీర్పులో జరిగినయి.

మన తెలంగాణ మనిషి పీవీ నరసింహారావు గారి కేసు కూడా అట్లాంటిదే. 1993లో ఆయన ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం. ఓటు కోసం జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు పైసలు ముట్టినయని ఆరోపణ. 1998లో సుప్రీంకోర్టు అయిదుగురిలో ముగ్గురి మాటగా ఏం చెప్పింది? సభలో మాట్లాడిన మాటకు, వేసిన ఓటుకు ఎంపీ మీద కేసు ఉండదని 105వ అధికరణం అంటది గాబట్టి, లంచం తీసుకొని ఓటేసినోళ్ల మీద కేసు నడవదన్నది. పైసలు తీసుకొని ఓటు వేయని ఆయన మీద మాత్రం నడుస్తదన్నది. అంటే లంచం తీసుకొని మాట నిలబెట్టుకున్నోనికి రక్షణ, తప్పినోనికి శిక్ష! నేను క్లాసులో ఇది చెప్తే పిల్లలు తప్పు చదివిన్రు సార్ అన్నరు. తప్పు చదవలే. పీవీ గారిని కింది కోర్టు దోషి అన్నది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా వదిలింది, అది కూడా చెప్పాలె. కాని ఆ 1998 సూత్రం 26 ఏండ్లు బతికింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తులు ఒక్క మాట మీద దాన్ని కొట్టేసిన్రు. లంచం చేతిలో పడ్డప్పుడే నేరం అయిపోయింది, ఓటు ఎటు వేసిండన్నది తర్వాతి సంగతి అన్నరు.

2013లో లిలీ థామస్ కేసు. రెండేండ్లు, అంతకు మించి శిక్ష పడితే మామూలు మనిషి ఎన్నికల్లో నిలబడే హక్కు అప్పుడే పోతది. సీట్ల ఉన్నోనికి మాత్రం మూడు నెలల గడువు, అప్పీలు వేసుకుంటే అది తేలేదాకా సీటు. ఆ వెసులుబాటు ఇచ్చిన సెక్షన్‌ను సుప్రీంకోర్టు ఈ కేసులో కొట్టేసింది. 2017 మే 1 నుంచి కార్ల మీద ఎర్ర బుగ్గ పోయింది. బుగ్గ పోయిన రోజు నేను సంతోషపడ్డ, మీతో అబద్ధం ఎందుకు.

సరే, ఇవన్నీ పెద్ద కోర్టుల మాటలు. ఇప్పుడు తొవ్వ దగ్గరికి వస్త.

అధికారి మీద కేసు నడపాలంటే పై ప్రభుత్వం అనుమతి కావాలె. పాత సీఆర్‌పీసీలో 197, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 218వ సెక్షన్. రెండూ క్రిమినల్ కేసులు ఎట్ల నడపాల్నో చెప్పే చట్టాలే. ఇది ఊరికే పెట్టింది కాదు. నిజాయితీగ పనిచేసే తహసీల్దారు ఆక్రమణ తీసేస్తే, ఆక్రమించినోడు మరునాడే పది కేసులు వేస్తడు. ఆయనకు రక్షణ ఉండాలె, నేను ఒప్పుకుంట. కాని ఏం జరిగింది? అనుమతి ఇవ్వం అని రాసేటోళ్లు కాదు. రాస్తే దాన్ని కోర్టులో సవాలు చేయొచ్చు గదా. ఏమీ రాయకపోయేది. ఫైలు అట్లనే పడుకునేది. అధికారి రిటైరయ్యేటోడు, సాక్షి ముసలోడయ్యేటోడు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 120 రోజుల్లో ఏ సంగతీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అని పెట్టిన్రు. కొత్త చట్టాల మీద నాకు చాలా పేచీలున్నయి, కాని ఈ ఒక్క లైను మంచిది. వకీళ్లు దీన్ని వాడాలె. తేదీలు రాసి పెట్టుకోండి, 121వ రోజు పిటిషన్ సిద్ధంగ ఉండాలె.

ఇంకో మాట చెప్పాలె, ఇది కొందరికి నచ్చదు.

2019 డిసెంబర్ 6. చటాన్‌పల్లి. షాద్‌నగర్ పక్కన, పాత పాలమూరు జిల్లా. అంతకు తొమ్మిది రోజుల ముందు ఒక ఆడబిడ్డకు జరిగిన ఘోరం తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కపోతది. నాకూ బిడ్డలున్నరు. నిందితులు నలుగురు, వాళ్లూ పాత పాలమూరు ఊర్ల పిల్లలే. తెల్లారకముందే పోలీసులు అక్కడికి తీస్కపోయిన్రు, నలుగురూ కాల్పుల్లో చనిపోయిన్రు. జనం పోలీసుల మీద పూలు చల్లిన్రు. ఆ రోజు మా బార్ రూములో కూడా స్వీట్లు పంచిన్రు. నేను తీసుకోలే. ఎవరితోనీ కొట్లాడలే కూడా. అది నా తప్పు, నోరు తెరిచి చెప్పాల్సి ఉండె.

సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసింది. 2022లో రిపోర్టు బయటికొచ్చింది. పారిపోతుంటే కాల్చినమన్న మాట నమ్మేటట్టు లేదని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని చెప్పింది. తర్వాత అది హైకోర్టు ముందుకు పోయింది. ఆ పదిమంది దోషులని నేను అంటలేను. వాళ్లకు కూడా 14వ అధికరణం ఉన్నది, వాళ్లకు కూడా వకీలు కావాలె. దోషులా కాదా అన్నది కోర్టు తేల్చాలె అని మాత్రమే నేను అంటున్న. ఎన్‌కౌంటర్ అయితే ఎఫ్‌ఐఆర్ కావాలె, ఆ స్టేషన్‌తో సంబంధం లేనోళ్లు దర్యాప్తు చేయాలె అని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. గడిలో ఉన్నట్టు పట్టేది, తీర్పు చెప్పేది, శిక్ష వేసేది ఒక్కరే అయితే, ఆ ఒక్కరు మనకు నచ్చిన పని చేసిండని పూలు చల్లితే, రేపు నచ్చని పని చేసిన నాడు మనం ఎవరి దగ్గరికి పోవాలె?

పిల్లలు అడుగుతరు, మేం ఏం చేయాలె సార్ అని. చిన్న పని చెప్త. ఎవరన్నా పెద్దమనిషి మీద ఫిర్యాదు తీసుకోకపోతే అరిచి రావొద్దు. పోలీసులు వారంటు లేకుండనే అరెస్టు చేయగల నేరం జరిగిందని తెలిసే ఫిర్యాదు ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితాకుమారి కేసులో అయిదుగురు న్యాయమూర్తులు చెప్పిన్రు. కొత్త చట్టం కొన్ని కేసుల్లో ప్రాథమిక విచారణకు 14 రోజులు ఇచ్చింది, అంతకు మించి లేదు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపుండ్రి, అదే సురక్షా సంహిత 173 కింద నాలుగో క్లాజు. అక్కడా కాకపోతే 175 మూడో క్లాజు కింద మేజిస్ట్రేటు దగ్గరికి. ఎవరు పోయినా ఒక్కరే పోవొద్దు. ఇద్దరు తోడుండాలె.

ఈ తొవ్వ నాకు నేర్పింది ఒక గొర్లకాపరి.

తొంభైలల్ల, నా ప్రాక్టీసు కొత్తల. ఒక పెద్దమనిషి జీపు గొర్ల మంద మీదికి దూసుకుపోయింది, పద్నాలుగు గొర్లు సచ్చినయి. నడిపింది ఆ పెద్దమనిషి కొడుకు. స్టేషన్‌లో రాసుకోలే. రాజీ పడుమన్నరు, పైసలు ఇప్పిస్తమన్నరు. తక్కువ పైసలు కూడా కాదు. కాపరి ఒప్పుకోలే. నా దగ్గరికొచ్చి, "పైసలు కాదు సార్, నా గొర్లు ఆ బండి కింద పడి సచ్చినయని కాయితం మీద రాయుమను" అన్నడు. పోస్టులో పంపినం. కేసయితే అయింది గని, డ్రైవర్ మారిపోయిండు. ఇంట్ల జీతమున్న పిలగాడు, నేనే నడిపిన అని వచ్చి లొంగిపోయిండు. ఇది మీకు కొత్త కాదు, ఇప్పటికీ జరుగుతున్నదే. బోనులో కాపరి ఆ పిలగాన్ని చూపించి "ఈయన కాదు సార్" అన్నడు. కొడుకును కూడా ముద్దాయిగా చేర్చాలని అడిగినం, కాలేదు. చివరికి ఆ పిలగాడే జుర్మానా కట్టిండు. కేసు అట్ల ముగిసింది. నేను ఓడిపోయినట్టే.

కాని నడుమ ఒక వాయిదా ఉండె. బండి ఆ పెద్దమనిషి పేరు మీద ఉన్నది. బండి ఎవరు నడిపిన్రో చెప్పే బాధ్యత యజమానిదని మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్. సమన్లు పోయినయి. ఆ రోజు బంట్రోతు వరండాలోకొచ్చి ఆయన పేరు పిలిచిండు. ఊర్లె ఎవరూ నోటితో పలకని పేరు. ముందు శ్రీ లేదు, వెనక గారు లేదు. మూడుసార్లు పిలిచిండు. ఆయన చెట్టు కింద కారులోంచి దిగి, తెల్ల బట్టల మీద దుమ్ము దులుపుకుంట, గబగబ నడిచొచ్చి బోనెక్కిండు. కాపరి వరండా స్తంభం పక్కన గొంగడి భుజానేసుకొని నిలబడి చూస్తుండె.

ఆయన సాక్ష్యం అయిపోయినంక వచ్చిన వాయిదాకు కాపరితోని పని లేకుండె. రావొద్దని చెప్పిన. అయినా పొద్దుగాల్నే వచ్చి అదే స్తంభం కాడ కూర్చున్నడు. రాను పోను బస్సు కిరాయి దండుగ గదయ్యా, ఎందుకొచ్చినవ్ అని అడిగిన.

"ఇంకోపాలి పిలుస్తరేమో, విందామని వచ్చిన సార్" అన్నడు.